కంపౌండరు గారు అడగమన్న ప్రశ్న

ఆ మందు కోసం మొదటిసారి అబిడ్స్‌లోని మందుల షాపుకి వెళ్లినరోజే నలుగురిలో నవ్వులపాలయ్యాను. డెబ్భైల మొదట్లో సంగతి. కంపౌండరు గారు చీటీ చదివి, "రోజుకొక బత్తి, రాత్రి పండుకునేటప్పుడు" అన్నారు. తెనాలి వైపు నుంచి కొత్తకోడలిగా హైదరాబాదు వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఇక్కడ బత్తి అంటే దీపమని, లైటు ఆర్పమనడానికి "బత్తి బంద్ చెయ్" అంటారని మాత్రం నేర్చుకున్నాను. అంచేత అన్నీ తెలిసినదానిలా, "మాకు కరెంటు ఉందండీ" అన్నాను.

నా వెనక నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆయన మీద నాకు గౌరవం పుట్టింది అందుకే.

మందు మా మామగారికి. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆఫీసుతోపాటు ఇక్కడికి వచ్చి, లక్డీకాపూల్‌లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. మా ఆయన ఆడిట్ ఆఫీసులో ఉద్యోగి, నెలకి ఇరవై రోజులు క్యాంపుల్లోనే ఉండేవారు. నాంపల్లిలో ఆ రెండుగదుల వాటాలో మిగిలేది నేనూ, మామగారూ, ఆయన కీళ్లనొప్పులూ. నొప్పికి వేసుకున్న మాత్రలు కడుపులో మంట పుట్టిస్తున్నాయని డాక్టరు ఈసారి మందు మార్చి రాశాడు.

"గీ బత్తి మింగేది కాదు బిడ్డా. ఎనకనుంచి పెట్టుకునేది," అన్నారు కంపౌండరు గారు, గొంతు తగ్గించకుండా, పెంచకుండా. నేను తల దించుకున్నాను. "సిగ్గెందుకు? నోరెట్లనో గదీ గట్లనే. జర ఇటు చూసి ఇను."

ఆయనది పాత హైదరాబాదు కుటుంబం. చదువంతా ఉర్దూలో సాగిందట, బత్తీలు కూడా ఉర్దూలోనే లెక్కపెట్టారు. ఒక చెయ్యి పిడికిలి బిగించి, రెండోచేతి వేలితో అంతా చూపించారు. "ముందుగాల దొడ్డికి పొయ్యి రావాలె. చేతులు సబ్బుతోని కడుక్కోవాలె. రేకు ఇప్పి, ఎడమపక్కకు పండుకొని, పైకాలు మడ్చాలె. మొన ముందుకు. ఏలు కణుపంత లోపటికి పోవాలె, లేకుంటే బయటికొస్తది. పావుగంట లేవొద్దు. మళ్ల చేతులు కడుక్కోవాలె. నొప్పి తగ్గలేదని రెండోది పెట్టొద్దు. ఎండకు మెత్తగైతే రేకు ఇప్పకముందే సల్లటి నీళ్లల్ల ఉంచున్రి. సమజైందా?"

"అయిందండీ."

"అయితే చెప్పు."

ఇదీ ఆయన పద్ధతి. కొన్నవాళ్లు తిరిగి అప్పజెప్పేదాకా పొట్లం చేతికిచ్చేవారు కాదు. ఎనిమిదో ఎక్కంలో తడబడ్డ పిల్లలా, సగం మింగి సగం కక్కి, మొత్తానికి అప్పజెప్పాను. అప్పుడు ఇంకోమాట అడిగారు. "ఆయనకు కడుపుల పుండు గిట్ల ఉండెనా?" మంట మాత్రమేనని చెప్పాను. "అయితే జర కనిపెట్టుకొని ఉండాలె," అన్నారు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

ఇంటికొచ్చాక ఇదంతా మామగారికి చెప్పడమెలా? పెద్దాయన ఎదుట నేను కుర్చీలో కూర్చునేదాన్నే కాదు. ఒక కాగితం మీద పద్ధతంతా మర్యాదగా రాసి, కాఫీగ్లాసు కింద పెట్టి లోపలికి పారిపోయాను. బత్తీలని మూత బిగించిన గాజుసీసాలో వేసి, మంచినీళ్లకుండ కింద తడి ఇసుకలో గుచ్చిపెట్టాను. వారం తిరిగేసరికి ఆయన కర్ర లేకుండా పబ్లిక్ గార్డెన్స్‌దాకా నడిచి వస్తున్నారు. ఆ కంపౌండరుకి మనసులో ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

రెండోసారి వెళ్లినప్పుడు నా ముందు ఒక లావుపాటి వ్యాపారి మూలశంక మందు కోసం గుసగుసలాడుతున్నాడు. మరో షాపయితే పాతపేపర్లో చుట్టి దొంగసొత్తులా చేతిలో పెట్టేవాళ్లు. ఈయన దగ్గుమందు గురించి చెప్పినట్టే చెప్పారు. చెప్పీ చెప్పగానే ఆ వ్యాపారి భుజాలు కిందికి జారి, మామూలు మనిషయ్యాడు. వైద్యం చదివినవాళ్లని చాలామందిని చూశాను గానీ, ఇలా సిగ్గు దించగలిగినవాళ్లని చూడలేదు.

నా వంతు వచ్చింది. "పెద్దాయన వేరే గోళీలేమన్న మింగుతున్నడా?"

"లేదండీ."

"అడిగినవా?"

నేను డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"అడుగు. ఎనకనుంచి పోయింది, కడుపుకేం కాదనుకుంటరు. ఏ దర్వాజనుంచి పోయినా మందు నెత్తుర్ల కలుస్తది, కడుపుకు తాకుతది. దాని మీద ఇంకో నొప్పిగోళీ పడిందనుకో, లోపట పుండైతది. దొడ్డికి ఏ రంగున పోతున్నడో గది గూడ అడుగు. తారు లెక్క నల్లగ, జిగటగ ఉంటే లోపట నెత్తురు పోతున్నట్టు. బత్తి బంద్ చేసి అప్పటికప్పుడు దవాఖానకు తీస్కపో."

ఆ ప్రశ్న మోసుకుంటూ ఇంటికొచ్చాను. నాలుగురోజులు మోశాను. కాగితం మీద "మలము యొక్క వర్ణమేమి" అని రాసి చూసుకుంటే వ్యాకరణం పరీక్షలా ఉంది, చింపేశాను. ఆదివారం మా ఆయన వస్తారు, ఆయనే అడుగుతారులే అనుకున్నాను. ఈలోగా మామగారు పబ్లిక్ గార్డెన్స్ మానేశారు. మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. పెదవులు తెల్లబడ్డాయి. ఎండదెబ్బేమో అని మజ్జిగ ఇచ్చాను. ఆ మజ్జిగ గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

బత్తీలు అయిపోవచ్చాయి. మళ్లీ అబిడ్స్ వెళ్లాను.

"అడిగినవా?" అన్నారాయన, పోయినసారి మాట పూర్తికానట్టే.

"లేదండీ. మా వారు వచ్చాక..."

"అయితే బత్తి ఇయ్య."

డాక్టరు చీటీ ఉందన్నాను. ఉండనీ అన్నారు. డబ్బులు బల్ల మీద పెట్టాను, వెనక్కి తోశారు. "ముందు అడిగి రా. ఎన్ని గంటలైనా దుకాణం తెరిచే ఉంచుత," అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదిమందిలో వట్టి చేతులతో పంపించేశాడు. రిక్షా కూడా ఎక్కకుండా, ఆయన్ని తిట్టుకుంటూ అబిడ్స్ నుంచి నాంపల్లిదాకా నడిచాను. ధైర్యమేదీ రాలేదు నాకు, కోపమే వచ్చింది. ఆ కోపంతోనే చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి అడిగేశాను.

"మామయ్యగారూ, దొడ్డికి ఏ రంగులో అవుతోంది మీకు?"

ఆయన పేపరు చదువుతున్నారు. పేపరు కదల్లేదు.

"నలుపు," అన్నారు దాని వెనకనుంచి.

"ఎన్నాళ్లనుంచి?"

"వారం దాటింది."

"వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

పేపరు కొంచెం దిగింది. వంకెకి తగిలించిన కోటు వైపు చూశారు. జేబులో, వీధి చివరి పాన్‌డబ్బా కొట్టులో కొన్న తలనొప్పి మాత్రలు, పొద్దున రెండు, సాయంత్రం రెండు. బత్తి కడుపులోకి పోదు కదా, ఇవి వేసుకుంటే తప్పేముందనుకున్నారట.

పక్కవాటా ఆయన్ని సాయం తీసుకుని గంటలో దవాఖానలో చేర్చాం. కడుపులో పుండు పడి రక్తం పోతోందన్నారు. సీసాలకొద్దీ రక్తం ఎక్కించారు. టెలిగ్రాం అందుకుని మా ఆయన వచ్చేసరికి గండం గడిచింది.

మూడోరోజు షాపుకి వెళ్లి చెప్పాను. తిట్టుకున్నానని కూడా చెప్పాను. కంపౌండరు గారు మందులు సర్దుతూనే విన్నారు. "ఔ, మంచిగ అడిగినవ్ బిడ్డా. ఇంక గీ జాతి గోళీ గాని బత్తి గాని ఆయన ముట్టొద్దు. ఏ డాక్టరు కాడికి పోయినా గీ ముచ్చట ముందుగాల చెప్పు," అని, నా వెనకాయన చీటీ అందుకున్నారు. పొగిడించుకోవడం కూడా తెలియని మనిషి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రం వార్డులో మామగారికి గంజి పట్టించాను. రెండు చెంచాలు తాగి, గోడవైపు చూస్తూ, "చెబుదామనే అనుకున్నానమ్మా రోజూ," అన్నారు. "ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే. ఆడపిల్లవి, నీతో ఎలా చెప్పను?"

మూడో చెంచా అందించాను. ఆయనేమో నా మర్యాద కాపాడారు, నేనేమో ఆయన మర్యాద కాపాడాను. ఆ నాలుగురోజులూ పోయింది మాత్రం ఆయన రక్తం.