పళ్ళతో ముత్యాల పరీక్ష

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ధవళేశ్వరం నుంచి రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళే బస్సులో ఫోనులో ఏ వీడియో చూస్తే, ఆ పూటకి అందులో పండితుణ్ణి. (ఒక వారం గుండె జబ్బుల నిపుణుణ్ణి కూడా.) అప్పుడే, నన్ను పెంచి పెద్ద చేసిన మా మేనత్త టీచరుగా రిటైరవుతోంది. చర్చికి కూడా ప్లాస్టిక్ పూసలతోనే వెళ్ళే మనిషి. వీడ్కోలు సభలో ఆవిడ మెడలో ముత్యాలుండాలని పట్టుబట్టాను. "వద్దురా, మోసపోతాం" అంది. "నేనుండగానా అత్తా?" అన్నాను.

ముత్యాల కొట్లో ముసలి యజమాని తెల్లగుడ్డ పరిచి రెండు దండలు పెట్టి, "కల్చర్డండి" అన్నాడు. "అంటే డూప్లికేటే కదండీ!" అన్నాను, పక్కవాళ్ళకీ వినబడేలా. "కాదండి బాబూ. మనవైపు రొయ్యల్ని పెంచుతున్నట్టే ఆల్చిప్పల్ని పెంచి తీస్తారండి. ముత్యం ముత్యమేనండి" అన్నాడాయన ఓపిగ్గా. నేను వీడియోలో చూసినట్టు ఒక దండ తీసి ముందుపళ్ళకి రుద్దాను. గరగరలాడింది. గరుకుగా ఉంటే మంచిదని చెప్పారో, నునుపుగా ఉంటే మంచిదని చెప్పారో ఎంతకీ గుర్తు రాలేదు. (వీడియో ఆ ముక్క దగ్గరకొచ్చేసరికి నా స్టాపు వచ్చింది.) "గరుకు. నాసిరకం" అని తీర్పు చెప్పేశాను. అత్త కూడా రుద్ది చూసి, "నాకేం తెలీడం లేదురా" అంది. "అమ్మగారూ, కట్టుడు పళ్ళాండీ? వాటికి తెలీదండి" అన్నాడాయన మెల్లగా. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అద్దాల పెట్టెలో మూలగా ఇంకో దండ కనబడింది. పూసలన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. "మంచిది దాచేశారే! అది తియ్యండి" అన్నాను. "అది కాదండి..." అంటున్నా వినకుండా తీయించి, పళ్ళకి రుద్ది, "వెన్నలా ఉంది! ఇదీ ముత్యమంటే" అన్నాను. "గాజుపూసలండి. తేడా చూపించడానికి ఉంచుకున్నానండి" అన్నాడాయన. అత్త ఎంత నవ్విందంటే, కొంగు సంగతే మరిచిపోయింది.

ఆయన నన్ను ఏమీ అనకుండా ఆవిడకి చెప్పుకొచ్చాడు. అసలు ముత్యం పంటికి గరుకుగానే తగులుతుందట. చిన్నచిన్న మచ్చలుంటే తప్పు కాదు, చూడాల్సింది మెరుపట. అత్త వెంటనే ఒక దండని వెలుతుర్లో పెట్టి చూసి, "ఇందులో నా మొహం కనబడుతోందండీ!" అంది. నేను నాసిరకమన్న దండే అది. సభలో దాన్ని వేసుకుని, మైకు ముందు నిలబడి ఏడ్చేసింది.

ఇప్పుడు నేను ముత్యాల్ని బాగానే పోల్చుకోగలను. అయినా ఎవరడిగినా "బాగున్నట్టే ఉందండి" అంటానే తప్ప గట్టిగా చెప్పను. ఆ కొట్లో గాజుపూసలు పట్టుకుని అంత ధీమాగా నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.