శనివారం నాడు నువ్వుల నూనె కోసం మేడ్చల్‌కు

మా బాపు నూనె మానేసి ఏడాదైంది. గుండెకు మంచిదని ఎవరో చెప్పారట, అంతే, పుల్కాలూ ఉడకబెట్టిన కూరలూ తప్ప ముట్టడు. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కి నడకలో తూలుతుంటే పరీక్షలు చేయించాం. విటమిన్-ఇ బాగా తక్కువని తేలింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, కొవ్వు లేనిదే అది ఒంటికి పట్టదనీ, భోజనంలో రోజూ కాస్త నూనె ఉండాల్సిందేననీ చెప్పింది. బాపు మాత్ర మింగుతాడు గానీ నూనె చూస్తే మొహం తిప్పుకుంటాడు. నేనూ ఆయన కూతురినే కదా, ఏకంగా గానుగ దగ్గరికే బయల్దేరదీశాను.

యాప్రాల్‌లో పొద్దున ఎనిమిదింటికి ఆటో ఎక్కాం, రానూపోనూ ఎనిమిది వందలు. బొల్లారం మీదుగా మేడ్చల్ దాకా బాపుకు నా పాఠమే. పొద్దుతిరుగుడు నూనెలో విటమిన్-ఇ ఎక్కువే, కాదనను. నువ్వుల నూనె దారి వేరు. అందులోని సెసమిన్ అనే పదార్థం, కాలేయం ఈ విటమిన్‌ను విరిచి బయటికి పంపే పనిని నెమ్మది చేస్తుంది. దాంతో ఉన్న విటమినే ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆటో నడిపే మల్లేశ్ అందుకున్నాడు: "అంటే సంపాదన పెంచుడు గాదక్కా, ఖర్సు తగ్గించుడు!"

మేడ్చల్ దాటి షామీర్‌పేట వైపు వెళ్లే రోడ్డు మీద ఖాసీం భాయ్ కర్ర గానుగ ఉంది. నేను సీసా తీశానో లేదో, బాపు గెలిచినవాడిలా నవ్వాడు. "ఇయ్యాల శనివారం. నూనె ఇంటికి తేవద్దు. పా, పోదాం."

ఖాసీం భాయ్ కూడా తలూపాడు. "నిజమే సాబ్, మా గిరాకీలెవ్వరూ శనివారం కొనరు." సెలవు దొరికిందని సంబరపడ్డానే గానీ వారం చూసుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు ఖాసీం భాయ్ భార్య షాహీదా లోపల్నించి వేడన్నం, ఎర్రకారం తెచ్చి, పైన తాజా నూనె పోసింది. "కొనొద్దు గని, తినొద్దని ఎవ్వలన్నరు పెద్దాయనా?"

బాపు పళ్లెం వంకే చూస్తూ కూర్చున్నాడు. "గుండె ఆగుతదేమో బిడ్డా" అన్నాడు మెల్లగా. మొండితనం అనుకున్నదంతా భయమే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "డాక్టరమ్మ నీ గుండె జూసినంకనే చెప్పింది బాపూ, కొంచెం నూనెకు ఏం గాదు" అన్నాను. ఆయన ముద్ద కలిపి తిన్నాడు. తరువాత ఇంకొకటి, మెతుకు మిగల్చకుండా.

తిమ్మిర్లు ఒక్క పూటలో పోవు, మాత్రలూ మానకూడదు. నూనె మందుకు తోడే తప్ప బదులు కాదు. కానీ భయపడే మనిషికి నా పాఠం కంటే ఒక వేడి ముద్దే నయమని తెలిసింది. మీకొక్క సలహా: విటమిన్-ఇ మాత్రను ఖాళీ కడుపున కాకుండా, నూనె ఉన్న భోజనంతో వేసుకోవచ్చేమో మీ డాక్టర్ని అడగండి.

మర్నాడు నేను లేచేసరికి బాపు చెప్పులేసుకుని, ఖాళీ సీసా పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. "ఇయ్యాల ఆదివారమే గదా?"