అడుగు గిన్నెలో పరమాన్నం

మా పై వాటాలో అద్దెకున్న జంట నెలనెలా పెళ్లిరోజు చేసుకుంటారు. ప్రేమ్ బజార్ నుంచి చిన్న కేకు వస్తుంది, మేడ మీద ఫొటోలు తీసుకుంటారు, నాకో ముక్క కిందికి దిగుతుంది. కేకు నాకు పడదు. అయినా తింటాను, ఎందుకంటే ఆ పిల్ల ప్లేటు పట్టుకుని నా నోటి వంకే చూస్తూ నిలబడుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చిన పిల్ల, పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. మొన్న చలికాలంలో ఒక నెల కేకు రాలేదు. ముక్కు ఎర్రగా చేసుకుని పిల్లే వచ్చింది.

"పిన్నీ, నువ్వే సెప్పు. నెలనెలా పెళ్లిరోజేటి, జీతాల రోజునాగ, అని మా ఆయన నవ్వుతన్నాడు. ఏడాదికోపాలి సాల్దా అంతన్నాడు. అసలు మొగుడూ పెళ్లాలు ఎన్నిసార్లు సేసుకోవాలేటి?"

నేను బెండకాయలు తరుగుతున్నాను. ముందు గదిలో మా ఆయన పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పిన చప్పుడు వినపడింది, అంటే ఈ మాటలు అక్కడికీ వినపడుతున్నాయన్నమాట. ఏమైనా అంటారేమోనని చూశాను. ఇంకో పేజీ తిప్పారు.

"నీ మొగుణ్నే అడుగు, నన్నేటి అడుగుతావు?" అని కసిరాను పాపం ఆ పిల్లని. అడిగింది తనే గానీ, జవాబు కావలసింది నాకు.

నెలకోసారి అన్న ముచ్చట ఆ పిల్ల కనిపెట్టిందేం కాదు. మేమూ చేసుకున్నాం, ఆయన గూడ్స్ గార్డుగా ఉన్నన్నాళ్లూ. పెళ్లయ్యాక వచ్చిన మొదటి పెళ్లిరోజున నేను ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో పట్టుచీర కట్టుకుని, వండినవన్నీ మూతలు పెట్టి, సాయంత్రందాకా వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఆయన బండి ఎక్కడో ఒడిశాలో, చిన్న స్టేషన్లో, పక్క లైన్లో నిలబడిపోయింది. మర్నాడు వచ్చి, డ్యూటీకి పట్టుకెళ్లే ఇనప్పెట్టె దింపి, స్నానం కూడా చేయకుండా పడుకున్నారు. నేను ఏడ్చాను. లేచి, నా మొహం చూసి అన్నారు:

"ఏడాదికొక్క రోజే పెట్టుకుంటే రైల్వే మనకియ్యదే. నెలకొకటి పెట్టుకుందాం. పన్నెండింట్లో ఒకటైనా తగలదేటి?"

ఆ లెక్కకి నవ్వొచ్చింది. ఏడుస్తున్న దాన్ని నవ్వించినందుకు ఒప్పుకున్నాను. తగిలిందా అంటే, ఎప్పుడో ఒకటి. మా తారీఖు వచ్చేసరికి ఆయన డ్యూటీలోనైనా ఉండేవారు, డ్యూటీ దిగి ఒళ్లు తెలియని నిద్రలోనైనా ఉండేవారు. అందుకని ఆ తారీఖు డ్యూటీకి కట్టే క్యారేజీలో, అన్నిటికన్నా కింద ఉండే గిన్నెలో, బెల్లం పరమాన్నం పెట్టేదాన్ని. పైన అన్నం, కూర, పచ్చడి. అవన్నీ అయ్యాకే ఇది దొరకాలి.

మా అమ్మకి ఒక పట్టుదల ఉండేది. ఇంట్లోంచి ఖాళీ గిన్నె గుమ్మం దాటకూడదు. ఎవరింటి నుంచి గిన్నెడు పులుసు వచ్చినా, ఆ గిన్నెని తిరిగి పంపేటప్పుడు ఏదో ఒకటి వేసి పంపాలి. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార. ఓల్డ్ సెటిల్‌మెంట్లో మా సందు సందంతా అలా గిన్నెల మీదే నడిచింది. పక్కింటి బెంగాలీ దీదీ కూడా మా దగ్గర ఇది నేర్చుకుని కొబ్బరి ఉండలు వేసి పంపేది. ఆయనకి ఈ సంగతి నేను చెప్పలేదు. మా అత్తగారింట్లోనూ ఇదే పద్ధతి కాబోలు, మొదటి నెలే అడుగు గిన్నె కడిగి, తుడిచి, అందులో భద్రక్ నుంచి ఛెనాపోడ, అదే విరిగిన పాలతో కాల్చి చేసే మిఠాయి, ఒక ముక్క పెట్టి తెచ్చారు.

అప్పటి నుంచీ నేను ఎదురుచూసింది ఆ గిన్నె కోసం. ఆయన కోసం కాదా అంటే, రెండూ ఒకటే. టాటానగర్ నుంచి జామకాయలు వచ్చేవి. చలికాలంలో సంత్రాగాచీ వైపు వెళ్తే కొత్త బెల్లం సందేశ్ మిఠాయి వచ్చేది. ఏమీ దొరకని చోట టీ కొట్టు అన్నని, ఇక్కడి మాటలో దాదాని, అడిగి కాగితంలో పంచదార పొట్లం. అది చూసిన రోజు మా అమ్మ గుర్తొచ్చి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఎలాగుంది పరవాన్నం?" అని అడిగేదాన్ని. "బాగుంది" అనేవారు. ప్రతిసారీ అదే మాట. మాటలు పొదుపు ఆ మనిషికి, జీతంలోంచి కోసేస్తారేమో అన్నట్టు.

క్యారేజీ కట్టి పంపాక నేను ఒక బొమ్మ కట్టుకునేదాన్ని మనసులో. బండి చివర ఆ గార్డు డబ్బాలో ఆయన ఒక్కరే కూర్చుని ఉంటారు. పై గిన్నెలు అయిపోతాయి. అడుగు గిన్నె మూత తీస్తారు. అప్పుడు, ఆ ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు, నేను గుర్తొస్తాను. ఇంట్లో పని చేసుకుంటూ ఈపాటికి తింటున్నారేమో అనుకునేదాన్ని. నా కాపురంలో నేను బాగా సుఖపడింది ఆ అనుకోవడంలోనే.

రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి ఇదే ఊళ్లో సుభాష్‌పల్లికి వచ్చాం. ఇనప్పెట్టె మంచం కిందికి వెళ్లింది, క్యారేజీ అటకెక్కింది. ఇప్పుడు ఆయన మూడు పూటలా ఇంట్లోనే తింటారు. అడగకుండానే ఉల్లిపాయలు కోసి పెడతారు, మోటారు వేస్తారు, పేపరు చదువుతారు. మంచి మొగుడు, వంక పెట్టడానికి లేదు. కానీ మా తారీఖు వస్తుంది, పోతుంది. ఒక్క మాట ఉండదు. నేనూ గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే వచ్చే పండగ నాకు అక్కర్లేదు, అంత మొండిదాన్ని. ఇనప్పెట్టె గుమ్మంలో దింపిన చప్పుడు లేదు, "ఇదిగో" అని క్యారేజీ చేతికివ్వడం లేదు. మనిషి కళ్లెదుటే ఉన్నాడు, నాకు ఆయన మీద బెంగగా ఉంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు.

ఆ పిల్ల వచ్చి వెళ్లిన తర్వాత వచ్చిన మా తారీఖున నేనింక ఉండబట్టలేకపోయాను. స్టూలెక్కి అటక మీంచి క్యారేజీ దింపాను. చింతపండుతో తోమితే మెరిసింది. అన్నం, పప్పు, వంకాయ కూర పెట్టి, అడుగు గిన్నెలో పరమాన్నం నింపి, తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి దానివంక చూశారు, నా వంక చూశారు.

"ఏటే ఇది? నాకిప్పుడు డ్యూటీ ఏటి?"

"నాకేటి తెలుసు? మీరే సెప్పాల."

ఇంకేమీ అడగలేదు. చొక్కా తొడుక్కున్నారు, చెప్పులేసుకున్నారు, క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయారు. ఎక్కడికని నేనూ అడగలేదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎప్పుడూ అడగలేదు మరి.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని తిన్నారట. "ఇదిగో" అన్నారు. క్యారేజీ అందుకున్నాను. పై గిన్నె తీశాను, ప్లాట్‌ఫారం మీద అమ్మే ముఢీ ఉంది, మరమరాలు. రెండోది, మూడోది ఖాళీ. అడుగు గిన్నె మూత తీశాను. పరమాన్నం నేను పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ముట్టుకోనేదేటి?" అన్నాను.

"ఎప్పుడూ ముట్టనేదే."

నాకు అర్థం కాలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, నేల చూస్తూ చెప్పారు. "బండి సివర డబ్బాలో నానొక్కణ్నే. పప్పూ అన్నం తినీవోణ్ని. పరవాన్నం మూత తీస్తే నువ్వు గుర్తొచ్చీదానివి, ముద్ద దిగీది కాదు. డ్యూటీ దిగి పడుకునీ రన్నింగ్ రూంకి ఎల్లి డ్రైవరు దాదాలకి పెట్టీసీవోణ్ని."

"ఇన్నేళ్ల పరవాన్నం డ్రైవర్లు తినీసినారా?" అని అరిచాను. పై పిల్లకి వినపడి ఉంటుంది. "ఒక్కపాలైనా సెప్పనేదేటి?"

"సెప్తే కట్టడం మానీస్తావని."

రెండు చెంచాలు తెచ్చాను. పళ్లెంలోకి కూడా తీయలేదు, ఆ గిన్నెలోనే తిన్నాం. ఇన్నేళ్లూ "బాగుంది" అన్న మనిషి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "బెల్లం తక్కువైందే" అన్నారు. తక్కువే. మొదటినుంచీ నేను తక్కువే వేస్తాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు ప్రతి నెలా మా తారీఖున క్యారేజీ కడుతున్నాను. ఆయన స్టేషన్ దాకా వెళ్లి వస్తారు. పై గిన్నెలో ఏదో ఒకటి ఉంటుంది. అడుగు గిన్నె నిండుగానే తిరిగొస్తుంది, ఇద్దరం తింటాం. పై పిల్లకి చెప్పాను, ఎన్నిసార్లన్నది నాకు తెలీదు, మానీకండి మట్టుకు అని. వాళ్ల కేకు మళ్లీ దిగుతోంది. ప్లేటులో నేను పరమాన్నం వేసి పంపుతున్నాను.

కిందటి తారీఖున ఆయన ఆలస్యం చేశారు. గేటు దగ్గర నిలబడ్డాను. ఎండ గోడ మీదకి ఎక్కింది. పూర్వం ఎంత ఆలస్యమైనా వస్తారనే ఉండేది. ఇప్పుడు ఆయన వయసు గుర్తొస్తుంది, బెంచీ మీద కూర్చున్న మనిషి లేచారో లేదో అనిపిస్తుంది. అడిగి తెచ్చుకున్నాను ఈ బెంగని, అనుకున్నాను. సందు చివర క్యారేజీ మెరిసింది, వెనకాల ఆయన. గబగబా లోపలికి వచ్చి, ఏమీ ఎరగనట్టు బెండకాయలు ముందేసుకుని కూర్చున్నాను.

"ఇదిగో" అన్నారు గుమ్మంలోంచి.

"అక్కడెట్టండి" అన్నాను, తలెత్తకుండా.