గడ్డం బాబాయ్ మోకాలు

వీధిలో అందరి గడ్డాలూ గీసే మనిషికి బారెడు గడ్డం. అందుకే ఆయన్ను గడ్డం బాబాయ్ అంటారు. పుట్టుకతోనే హిమోఫీలియా, రక్తం కారితే ఒక పట్టాన ఆగదు. చిన్న గాటుకు ఏమీ కాదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా సొంత చెంప మీద మాత్రం కత్తి పెట్టడు. అసలు పేచీ కీళ్ల లోపల కారే రక్తంతో. చిన్నప్పుడు కుడి మోకాలు ఉబ్బిపోయి నెలల తరబడి మంచం పట్టాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు రక్తం ఆపే ఇంజెక్షన్ తనే నరానికి ఎక్కించుకుని, ఎనిమిదింటికల్లా టంచనుగా షాపు తీస్తాడు. పదిహేనేళ్లుగా జబ్బు వంకతో ఒక్క పూట మూయలేదు. ఆ సంగతి అడక్కపోయినా చెబుతాడు.

అలాంటిది మూడు వారాలుగా పొద్దున లేవగానే అదే మోకాలు పట్టేస్తోంది. మళ్లీ రక్తం కారితే నిలబడి చేసే పని మానేయాల్సిందేనని డాక్టరమ్మ ఎప్పుడో తేల్చి చెప్పింది. షాపు లేని బతుకు ఆయన ఊహకే అందదు. అందుకని ఇంట్లో పెదవి విప్పలేదు. ఐసు పెట్టుకున్నాడు, మూడో కంటికి తెలియకుండా అదనంగా ఇంజెక్షన్లు వేసుకున్నాడు. ఏ నొప్పి వచ్చినా రక్తమే అనుకోవడం ఆ జబ్బుతో పెరిగినవాళ్ల అలవాటు. ఫ్రిజ్‌లో మందు సీసాలు తగ్గడం చూసి భార్య పట్టేసింది. చీవాట్లు పెట్టి ఆసుపత్రికి బయల్దేరదీసింది.

డాక్టరమ్మ స్కానింగ్ చేస్తుంటే ఆయన తెర వైపు చూడలేక గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"రక్తం చుక్క కూడా లేదు. ఇది అరుగుదల. కొంత పాత జబ్బు చేసింది, మిగతాది వయసు. పని మానక్కర్లేదు, మధ్యమధ్యలో కూర్చోండి. యాభై దాటాక చాలామందికి వచ్చేదే," అందామె.

"చాలామందికి వచ్చేదేనా?" అని రెండుసార్లు అడిగాడు.

ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్లాడు ఇరవై దాటడని ఒకప్పుడు ఆయన తల్లికి చెప్పారు. పరుగు పందేలు, సైకిలు, చెట్లెక్కడం, పదిమందికీ దక్కినవేవీ ఆయనకు దక్కలేదు. ఇన్నాళ్లకు పదిమందితో పాటు ముసలితనం దక్కుతోంది. సిగ్గుపడకుండా అక్కడే కళ్లు తుడుచుకున్నాడు.

మెట్లు దిగుతూ భార్య సగంలో ఆగిపోయింది.

"నాకూ రెండేళ్లుగా మోకాళ్లు ఇంతే. మీ జబ్బు ముందు ఇదో నొప్పా అని చెప్పలేదు," అంది.

ఆయన వెనక్కి తిరిగి ఒక మెట్టు ఎక్కాడు.

"పద, వెనక్కి. నీవీ చూపిద్దాం," అన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అదే మొదలు.