పన్నెండు బొమ్మల కాలర్లు

మా అమ్మకి ఉద్యోగం వచ్చిందీ, రాకుండా పోబోయిందీ కూడా బొమ్మల జాకెట్ల వల్లే. రెండోదానికి కారణం నేను.

డెబ్బైల చివర్లో మాట. నాన్న పోయిన రెండేళ్ళకి అమ్మా నేనూ మామిడికుదురులో ఓ పెంకుటింటి వసారాలో అద్దెకుండేవాళ్ళం. అమ్మ ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టేది. పండగలకి చేతినిండా పని, వానాకాలమంతా ఈగలు తోలుకోవడం. అలాంటప్పుడు రాజోలు వైపు ఓ ఆడపిల్లల బోర్డింగు స్కూల్లో కుట్టుపని నేర్పే టీచరుగారు రిటైరవుతున్నారని చర్చిలో ఎవరో చెప్పారు. అమ్మ వెళ్ళి అడిగింది. అక్కడి పెద్ద టీచరుగారు సర్టిఫికెట్ల ఊసెత్తలేదు. పన్నెండు గుడ్డబొమ్మలూ, కొలిచి ఓ తెల్లబట్ట ముక్కా చేతికిచ్చారు.

"వీటికి కాలరు జాకెట్లు కుట్టి తీసుకురండమ్మా. క్రిస్మస్‌కి సండేస్కూలు పిల్లలకివ్వాలి. కాలరు కుదిరినవాళ్ళకి మిగతావన్నీ కుదురుతాయండి," అన్నారట.

ఆ మాట అబద్ధం కాదు. పెద్దవాళ్ళ జాకెట్టుకే కాలరు ఓ పట్టాన కుదరదు, ఇక బొమ్మ మెడ నా బొటనవేలంత. ముక్కలు రెండూ తిరగేసి కుట్టి, లోపలివైపు పైకి తీసి, కొబ్బరి ఈనెతో మూలలు పొడవాలి. గట్టిగా పొడిస్తే ఈనె బట్టలోంచి బయటికొస్తుంది, మెల్లగా పొడిస్తే మూల ఎలక చెవిలా గుండ్రంగా ఉండిపోతుంది. పైగా లోపల బక్రం, అంటే గట్టి బట్ట ముక్క, పెడితేగాని కాలరు నిలబడదు. పన్నెండింటికి సరిపడా బక్రం అమ్మ తాటిపాక నుంచి తెచ్చి, కత్తిరించి కాలరు బట్ట మధ్య కుట్టే పని నాకప్పగించింది. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ నమ్మినందుకు పొంగిపోయాను, అదే కొంప ముంచింది.

నాకూ రెండు బొమ్మలున్నాయి. స్కూలు బొమ్మలు కాలర్లు తొడుక్కుని కులుకుతుంటే నావి బోసి మెడలతో కూర్చోవాలా? ముందు వాటికే కత్తిరించాను. వంకరపోతే మళ్ళీ కత్తిరించాను. తీరా చూసుకుంటే మిగిలిన బక్రం ఏడు కాలర్లకే వచ్చింది. అమ్మకి చెప్పే ధైర్యం లేదు. పెరట్లో రాలిన కొబ్బరి మట్ట కనబడింది. మట్ట మొదట్లో నేసిన గుడ్డలాంటి గోధుమరంగు పొర ఒకటుంటుంది. వంటాటల్లో మాకదే జల్లెడ. బక్రం కంటే గట్టిది. ఐదు ముక్కలు కత్తిరించి, తెల్లబట్ట మధ్య పెట్టి, అంచులు కుట్టేసి ఇచ్చాను. అమ్మ వేలితో నొక్కి చూసి, "నీ చేతిలో పనితనముందే," అంది. సిగ్గులేకుండా సంతోషించాను.

తెల్లారితే పట్టుకెళ్ళి ఇవ్వాలనగా, మధ్యాహ్నం అమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, జాకెట్ల మీద నీళ్ళు చిలకరించింది. ఏడు జాకెట్లు మల్లెపువ్వుల్లా వచ్చాయి. ఎనిమిదోదాని కాలరు మీద పెట్టె ఆనగానే టీ ఒలికినట్టు మరక తేలింది. తొమ్మిదోదీ అంతే. అమ్మ పెట్టెని తిట్టి తుడిచింది. నీళ్ళని తిట్టి, బోరింగు నీళ్ళు పారబోసి నూతినీళ్ళు తెచ్చింది. పన్నెండోదానికీ మరకపడ్డాక పీట మీద కూలబడిపోయింది.

"మళ్ళీ కుడదామంటే బట్ట లేదు. అయిపోయింది. ఇంక ఈ వసారాలోనే కాజాలు కుట్టుకుంటా ముసలిదాన్నైపోతాను," అంది, నాతో కాదు, ఆ బొమ్మలతో.

అది విని ఊరుకోవడం నా వల్ల కాలేదు. "తప్పు పెట్టెది కాదమ్మా. నాది. బక్రం నా బొమ్మలకి వాడేసేను. వాటిలో కొబ్బరి మట్ట గుడ్డ పెట్టేను."

అమ్మ ఒక కాలరు కుట్టు విప్పి చూసింది. నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఒక్కటే. ఇంకో నాలుగు వేసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తర్వాత మరకపడ్డ ఆ కాలరుని వెలుగుకి పట్టి రంగు చూసింది.

"అలా నిలబడకు, పెరట్లో కొబ్బరి డొక్కలు పట్రా," అంది.

డొక్కల్ని, అంటే కాయ ఒలిచిన పీచుని, సత్తుగిన్నెలో మరగబెట్టాం. నీళ్ళు చిక్కటి గోధుమరంగుకి తిరిగాయి. అమ్మ ఐదింట్లోంచీ ఆ పొర పీకేసి మళ్ళీ కుట్టింది. జాకెట్టు ఒళ్ళంతా గుప్పిట్లో బిగించి పట్టుకుని, కాలరు ఒక్కటే ఆ రంగులో ముంచింది. ఐదూ అయ్యాక బాగున్న ఏడింటి మీదా పడింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"ఉండవే. ఐదింటికుంటే మరక. పన్నెండింటికీ ఉంటే ఫ్యాషను," అంది.

చిక్కటి గంజి పట్టించి ఇస్త్రీ చేసేసరికి, తెల్ల జాకెట్ల మీద కొబ్బరిరంగు కాలర్లు పన్నెండూ నిటారుగా నిలబడ్డాయి.

మర్నాడు నేనూ వెళ్ళాను. పెద్ద టీచరుగారు ఒక్కో బొమ్మనీ తిప్పి చూశారు. కాలరుని గోటితో గీకి, "నేనిచ్చింది తెల్లబట్టే కదండీ?" అన్నారు. ఫ్యాషనని చెప్పమ్మా, ఫ్యాషనని చెప్పు అని లోపల ప్రార్థన మొదలెట్టాను.

"మరకపడిందండి," అంది అమ్మ. "మా అమ్మాయి బక్రం చాలక కొబ్బరి మట్ట గుడ్డ పెట్టేసిందండి. ఐదు పాడయ్యేయి. అందుకని పన్నెండూ ఒకేలా చేసేనండి."

నేను గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాను. మా బతుకు అక్కడితో సరి అనుకున్నాను.

"ఈ అమ్మాయేనా?"

"ఆయ్."

"మా దగ్గర ఇలాంటివాళ్ళు నలభైమంది ఉన్నారండి," అన్నారావిడ, బొమ్మల్ని వరసగా బల్ల మీద కూర్చోబెడుతూ. "సోమవారం నుంచి వచ్చేయండి."

తిరుగు బస్సుకి ముందు తాటిపాకలో అమ్మ బట్టల కొట్లోకి వెళ్ళింది. బస్సెక్కాక నా ఒళ్ళో ఓ పొట్లం పెట్టింది. విప్పితే బక్రం.

"నీ బొమ్మలకి. ఈసారి కావాలంటే అడుగు," అంది.

అప్పుడేడ్చాను. నిన్నటినుంచీ ఆపుకున్నదంతా, బస్సులో అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాను. కండక్టరుగారు కంగారుపడి, "ఏమైందండీ పాపకి?" అని అడిగారు.

అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఏం లేదండి," అంది. "ఉద్యోగం వచ్చిందండి."