రేడియేటరులో ఇడ్లీపిండి

ఆ రోజుల్లో మా ఇంట్లో పారేయడం అనే పని ఉండేది కాదు. ఒక వస్తువు తన పనికి పనికిరాకుండా పోతే దానికి ఇంకో పని అప్పగించేవాళ్లం. చిరిగిన గొడుగు గుడ్డ కూరగాయల సంచి అయ్యేది. పాత సైకిలు ట్యూబు ఊరగాయ జాడీలకు మూతికట్టు అయ్యేది. చిన్నాయన గడ్డం గీసుకునే బ్లేడు రోజూ గాజు గ్లాసు లోపలి గోడకు సాన పట్టించుకుని నెలల తరబడి బతికేది. (అదే గ్లాసులో మాకు కాఫీ ఇచ్చేవారు. ఎవరికీ ఏమీ కాలేదు.) మద్రాసులో ట్రాములు ఆగిపోయిన కొత్త రోజులవి. చింతాద్రిపేటలో ఒక సన్నని ఇంట్లో అవ్వ, చిన్నాయన, పిన్నమ్మ, వాళ్ల పిల్లలు, అక్క, నేను. మా అమ్మానాయనలు పోయాక మమ్మల్ని చదివించింది చిన్నాయనే. అందువల్ల ఆయన పొదుపును వెక్కిరించే హక్కు నాకు లేదు. లేదని తెలిసే రాస్తున్నాను.

ఇంత పొదుపు ఇంట్లో ఒక కారు ఉండేదంటే మీరు నమ్మరు. ఇంగ్లండు వెళ్లిపోతూ చిన్నాయన ఆఫీసు దొర వదిలించుకున్న కారు అది. నాలుగు తలుపుల్లో రెండు తెరుచుకునేవి. పెట్రోలు ట్యాంకు చిల్లుకు బట్టల సబ్బు మెదిపి పూశాం. పైన టాపు చిరిగితే పిన్నమ్మ తన పాత చీర కుట్టింది. ఎండ కాస్తే లోపలున్నవాళ్ల మొహాలన్నీ ఆకుపచ్చగా కనిపించేవి. మెకానిక్కు దగ్గరికి బండి తీసుకుపోవడం చిన్నాయనకు ఇష్టం లేదు. "ఆడికి పోతే ఒక రోగంతో పోయి మూడు రోగాలతో వస్తాం అబ్బయా. ఊరికే సలహా ఒకటి అడుక్కోని రా, మిగతాది మనం చూసుకుందాం" అనేవాడు. అడుక్కొచ్చేది నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, హార్బరు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాని. బి.ఏ.లో సాహిత్యం చదివాను కాబట్టి నాకు అన్ని విషయాలూ తెలుసని ఇంట్లో ఒక అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయం ఎక్కువగా నాదే.

అక్క చదివింది సైన్సు. టీచరు ట్రైనింగు కూడా అయింది. పెరంబూరులో రైల్వే క్వార్టర్సు పక్కన ఒక ఆడపిల్లల బడిలో తెలుగు సెక్షనుకు సైన్సు టీచరు కావాలన్నారు. అంతకు ముందు రెండు ఇంటర్వ్యూలకు పోయింది. ఒకచోట వద్దన్నారు. రెండోచోటికి బస్సు దొరక్క ఆలస్యంగా పోతే, ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. "ఇది గూడా రాకపోతే కుట్టుమిషను నేర్చుకోవే. అది ఎవర్నీ ప్రశ్నలడగదు" అని అవ్వ తేల్చేసింది. అక్క ఆ వారమంతా అన్నం దగ్గర కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయేది. "ఈసారి బస్సు మాటే వద్దు, నేనే దిగబెడతా" అని చిన్నాయన మాటిచ్చాడు.

ఇంటర్వ్యూ ముందు రోజు పొద్దున కారు కింద చిన్న మడుగు కనిపించింది. ఇంజను వేడెక్కకుండా నీళ్లు తిరిగే రేడియేటరుకు చిల్లు పడింది. నేను కూవం ఏరు దాటి పుదుప్పేటకు పరుగెత్తాను. అక్కడ పాత కార్ల సామాన్ల మధ్య కూర్చునే ముసలి మెకానిక్కును అందరూ భాయి అనేవారు. "టంకం పెట్టాల తంబీ. బండి ఈడ విడిచిపో, రెండు దినాల్లో ఇస్తా" అన్నాడు. రెండు దినాలు లేవన్నాను. "సరి, అట్లయితే రెండు కోడిగుడ్ల తెల్లసొన పొయ్యి. వేడికి గట్టిపడి చిల్లు మూసుకుంటాది. పెరంబూరు ఏమి, ఎన్నూరు దాకా పోవచ్చు" అన్నాడు.

ఈ వైద్యం విని అవ్వ మంచం మీద నుంచి లేచి నిలబడింది. "ఆయుధపూజకు గంధం కుంకం పెట్టి నా చేత్తో హారతిచ్చిన బండిరా అది. దానికి గుడ్డు పోస్తారా?"

"లోపల పోస్తాం అవ్వా, బయటికి కనపడదు."

"మనిషి గూడా లోపలికే గదరా తినేది!"

అప్పుడు నా చదువు పనికొచ్చింది. మద్రాసు పాత మిద్దెల గోడలకు సున్నంలో కోడిగుడ్డు సొన కలిపేవారనీ, కొందరు మినుములు నానబెట్టిన నీళ్లు కలిపేవారనీ లైబ్రరీలో ఎక్కడో చదివాను. రెండూ అతికించేవే అయితే, ఒకటి కూడదన్న ఇంట్లో రెండోది వాడవచ్చు కదా? చిన్నాయన ముఖం వెలిగింది. పిన్నమ్మను పిండి అడిగాను.

"నీ కారు కోసం మినప్పిండి విడిగా రుబ్బమంటావా? రేపటికి ఇడ్లీపిండి ఉంటాది, అందులో ఉండేదీ మినుమే గదా, తీసుకో."

"దాన్లో బియ్యం గూడా ఉంటాది గదా పిన్నమ్మా?"

"ఉంటే ఏమిరా, నీ బండి ఒద్దంటాదా?"

మర్నాడు పొద్దునకు పిండి బాగా పొంగింది. రెండు గుడ్లకు బదులు రెండు గరిటెలు చాలు. కానీ అక్క ఉద్యోగం కదా, కక్కుర్తి ఎందుకని ఐదు పోశాను. (నా జీవితంలో నేను ధారాళంగా ఖర్చుపెట్టిన మొదటి సందర్భం అదే.) ఇంజను తిప్పగానే కారడం ఆగిపోయింది. "చదువు ఊరికే పోలేదు అబ్బయా!" అని చిన్నాయన నా వీపు తట్టాడు.

పురసవాక్కం దాటేదాకా నేను గొప్పవాణ్ణే. ఓట్టేరి దగ్గరికి రాగానే ముందు నుంచి బుసబుస మొదలైంది. రేడియేటరు మూత ఎగిరి రోడ్డు మీద పడింది. దాని వెనకాలే తెల్లటి నురుగు పైకి లేచి బానెట్టు మీద, ఎత్తిపెట్టిన ముందు అద్దం కింద నుంచి మా మీద పడింది. (ఆ అద్దాన్ని దించే మర ఎప్పుడో పోయింది.) చుట్టూ కమ్మటి ఇడ్లీ వాసన. టీకొట్టు ముందున్న వాళ్లు లేచి వచ్చారు. ఒకాయన చాలా మర్యాదగా, "సార్, చట్నీ ఎంగే?" అని చట్నీ ఎక్కడుందో అడిగాడు.

అక్క ముందు సీట్లో ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర భుజం మీద పిండి చారలు. తుడుచుకుంటూ, "ఒరే, ఏం పోసినావు ఇందులో?" అంది. చెప్పాను.

"బియ్యం గూడానా?"

"కొంచెం."

"సొనా పిండీ ఒకటేనంట్రా? నన్నొక మాట అడగకూడదా? ఇంట్లో సైన్సు చదివింది నువ్వా, నేనా?"

ముందు రోజంతా ఆ కారు చుట్టూ తిరిగిన మాలో ఎవరికీ ఆమెను అడగాలని తోచలేదు. చిన్నాయన స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాడు. పదింటి ఇంటర్వ్యూకు ఇంకా పావుగంటే ఉంది. అక్క దిగి, పోతున్న సైకిలు రిక్షాను ఆపి ఎక్కింది. అది మలుపు తిరిగాక చూస్తే ఆమె సర్టిఫికెట్ల కవరు సీటు మీదే ఉంది. కవరు పట్టుకుని పరుగెత్తాను.

నేను బడికి చేరేసరికి పదిన్నర దాటింది. బంట్రోతు ఒక క్లాసు వైపు చూపించాడు. అక్కడ జరిగింది అక్క తర్వాత చెప్పింది. ఎందుకు ఆలస్యమైందని హెడ్‌మిస్ట్రెస్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. ఆమె నవ్వకుండా, "సరే, ఆ సంగతే క్లాసులో పాఠంగా చెప్పండి, వింటాను" అందట.

కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల బోర్డు మీద రేడియేటరు బొమ్మ. చివరి బెంచీలో హెడ్‌మిస్ట్రెస్. "సొన వేడికి గట్టిపడి చిల్లు దగ్గర నిలబడిపోతుంది. కానీ పిండి ఏం చేస్తుంది? నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఇంత సన్నటి గొట్టాల్లో ఉబ్బితే నీళ్లు ఎట్ల తిరుగుతాయి?" అంటోంది అక్క. ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచి, "టీచర్, ఆ పోసినాయన ఏం చదువుకోనుండాడు?" అంది.

"బి.ఏ."

క్లాసు గొల్లుమంది. అక్కకూ నవ్వొచ్చింది. అప్పుడే నన్ను చూసింది. "అదుగో, కిటికీ దగ్గరుండాడు. కావాలంటే మీరే అడగండి."

క్లాసంతా నా వైపు తిరిగింది. నా చొక్కా మీద పిండి ఎండిపోయి ఉంది. ఏం చెయ్యాలో తెలియక కవరుతో సహా చేతులు జోడించి నమస్కారం పెట్టాను. చివరి బెంచీలో హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. సోమవారం నుంచి రమ్మన్నారు.

రేడియేటరు విప్పి, తీగతో పొడిచి పిండి తీయడానికి భాయికి నాలుగు దినాలు పట్టింది. "గుడ్డు కూడదంటే నాకు చెప్పకూడదా తంబీ? గుప్పెడు పసుపు పొయ్యమందును గదా!" అన్నాడు. ఈ మాట నేను ఇంట్లో చాలాకాలం చెప్పలేదు.

అక్క రిటైరయ్యేదాకా ఆ బడిలోనే ఉంది. ఆ పాఠం ఏటా చెప్పింది. ఆమె పోయి ఈ నెలకు ఏడాది. కర్మల పన్నెండు రోజుల్లో ఒకనాడు పెరంబూరు నుంచి తల నెరిసిన ఆడవాళ్లు కొందరు వచ్చారు. ఒకామె నన్ను చాలాసేపు చూసి, "తప్పుగా అనుకోవద్దండి సార్. మొదటి దినం ఆ క్లాసులో నేనుండాను. మీరు పారిపోతారని అనుకున్నాం. ఎందుకు సార్ నిలబడుకున్నారు?" అంది.

"సర్టిఫికెట్లు నా దగ్గరుండాయి గదమ్మా" అన్నాను. అందరూ నవ్వారు.

నిజం అది కాదు. ఆ వారంలో అక్క నవ్వడం అదే మొదటిసారి. ఇంకాసేపు నవ్వనిద్దామనుకున్నాడు ఆ బి.ఏ. కుర్రాడు. ఆ ఒక్క లెక్క మాత్రం వాడు ఎవర్నీ అడగకుండానే సరిగ్గా చేశాడు.