మా ఇంటి బుధవారం పార్లమెంటు

బుధవారం ఉదయం ఎనిమిదయ్యేసరికి మా ఇంట్లో లండన్ పార్లమెంటు కొలువుదీరేది. అక్కడ అప్పుడు మధ్యాహ్నం పన్నెండు, సభ్యులు ప్రధానమంత్రిని నిలబెట్టి ప్రశ్నలడిగే వేళ. ఇక్కడ కెనడాలోని డార్ట్‌మౌత్‌లో, మా హాల్లో, రిటైరైన డాక్టర్లిద్దరు టీ కప్పులు పట్టుకుని టీవీ ముందు తయారు. ఒకరు మా ఆయన, తెనాలి వైపు మనిషి. రెండోవారు రేవుకు అవతల హాలిఫాక్స్‌లో ఒంటరిగా ఉండే అన్న. కరీంనగర్ మనిషి. సొంత అన్న కాదు. నేను వరంగల్ పిల్లనని తెలిసిన రోజు నుంచి చెల్లె అని పిలిచి, ఆ లెక్కన మా ఆయన్ని బావను చేసుకున్నాడు. ఇద్దరూ వయసులో ఉండగా ఇంగ్లండులో ఒకే ఆస్పత్రిలో పనిచేసి ఇక్కడికి వచ్చారు. ఆ దేశంలో మాకెవరికీ ఓటు లేదు. కానీ బ్రెగ్జిట్ మీద వీళ్ళు పడే గొడవ చూస్తే, వీళ్ళు చెయ్యెత్తితే గానీ అక్కడ బిల్లు పాసవదేమో అనిపించేది.

అన్నది బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికి పోవాలనే పక్షం. మా ఆయనది కలిసుండాలనే పక్షం. నాకు రెండు వాదనలూ విసుగే. అయినా ఊరుకునేదాన్ని, పరాయివాళ్ళ ఇంటి గొడవే కదా అని. సొంత గొడవ వేరే ఉంది. రాష్ట్రం విడిపోతున్న రోజుల్లో ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు కొందరు ఒకరింటికి ఒకరు వెళ్ళడం మానేశారు. వీళ్ళిద్దరు మాత్రం ఆ ఊసు మా గడప లోపల ఎత్తకూడదని ఒప్పందం చేసుకున్నారు. ఎత్తలేదు కూడా. టీవీలో తెలుగు వార్తలొస్తే రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మార్చేసేవారు. దాన్ని నేను ప్రేమ అనుకున్నాను.

ఆ బుధవారం అన్న పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండిపోయాడు. అక్కడి ప్రధాని మీద సొంత పార్టీవాళ్ళే అవిశ్వాసం పెట్టారు. ఓట్ల లెక్క తేలేసరికి మాకు ఐదైంది. ఆవిడ గట్టెక్కింది. మా ఆయన చప్పట్లు కొట్టి, "విడిపోతాం విడిపోతాం అని గోల పెట్టడమే వచ్చు వీళ్ళకి. తర్వాతేం చెయ్యాలో తెలీక నెత్తిన పెట్టుకున్నదాని మీదే పడతారు" అన్నాడు.

అన్న కప్పు కింద పెట్టాడు. "ఎవరి గురించి అంటున్నవ్ బావా?"

"ఎవరి గురించో నీకు తెలీదా?"

అంతే. ఇన్నేళ్ళూ మింగినదంతా ఇద్దరికీ ఒక్కసారే పైకొచ్చింది. నీళ్ళు, ఉద్యోగాలు, హైదరాబాదు. మీ ఆంధ్రోళ్ళకు పక్కోడు బాగుపడితే కండ్లు మండుతయ్ అన్నాడు అన్న. మా ఆయన లేచి నిలబడి, హైదరాబాదు కట్టింది మేము, కూర్చుని తింటున్నది మీ తెలంగాణోళ్ళు అన్నాడు.

నేను పళ్ళెంలో సకినాలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. "నేనూ తెలంగాణేనండీ" అన్నాను.

"నిన్ననలేదుగా" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

అన్న కోటు వేసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ రేవు దాటించే ఫెర్రీ దాకా కారులో దింపే మా ఆయన ఆ రోజు సోఫాలోంచి కదల్లేదు.

కొన్నాళ్ళకు ఆ ప్రధానీ దిగిపోయింది. ఆ కుర్చీ కోసం పార్టీలో ఒకరినొకరు తోసుకున్నారు. మా ఆయన అదంతా సౌండు తగ్గించుకుని ఒక్కడే చూసేవాడు. టీవీలో ఎవరైనా తడబడితే నవ్వి, ఖాళీ సోఫా వైపు తిరిగేవాడు. ఫోన్ చెయ్యమంటే, ముందు వాడు చెయ్యాలనేవాడు. నేను ఫోన్ చేస్తే అన్న మోకాళ్ళ నొప్పి గురించి, తానుండే రెజైనా ఊరికి వచ్చెయ్యమంటున్న కొడుకు గురించి చెప్పేవాడు. బావ ఊసెత్తితే పెట్టేసేవాడు. పార్టీ ఎన్నికకైనా ఒక గడువుంటుంది, వీళ్ళ పంతానికి అదీ లేదు. నాతో మా పుట్టింటి మాట మాట్లాడే మనిషి ఈ ఊళ్ళో అన్న ఒక్కడే. ఆ ఒక్క మనిషీ నాకు దూరమవుతున్నాడని ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయేది.

ఆ దేశం ఎట్టకేలకు యూరప్ నుంచి బయటపడిన చలికాలంలోనే అన్న గుండె చెడింది. ఎక్కువ టైం లేదని కొడుకు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. మా ఆయన కారు తాళాలు తీసుకుని, షూస్ వేసుకుని, మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. నన్ను చూస్తే వాడికి బీపీ పెరుగుతుంది, నువ్వెళ్ళు అన్నాడు. డాక్టరు కదా, సాకు కూడా వైద్యంలోనే దొరికింది. నేను ఫెర్రీ ఎక్కాను.

అన్న ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ రోజు నువ్వెవరి దిక్కు ఉన్నవ్ చెల్లె?"

పోయే ముందు మనిషి అడగాల్సిన మాటేనా అది? ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మీరిద్దరు నన్ను ఏ దిక్కూ ఉండనియ్యలే అన్నా" అన్నాను.

అన్న కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. నర్సు వచ్చి పంపించేదాకా అలాగే కూర్చున్నాను.

నేను తిరిగి ఫెర్రీ దిగేసరికి మా ఆయన బయట కారులో ఉన్నాడు. అన్న పోయాడని కొడుకు అప్పటికే ఫోన్ చేశాడట. నేను సీటు బెల్టు పెట్టుకుంటుంటే మా ఆయన అడిగాడు.

"నా గురించి ఏమైనా అడిగాడా?"

అడిగాడని ఒక్క మాట అంటే ఆయన ప్రాణం కుదుటపడేది. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు" అన్నాను.

ఇల్లు చేరేదాకా ఆయన ఏడుస్తూనే కారు నడిపాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.